బాలానగర్ నుంచి న్యూయార్క్ దాకా: సర్కారు సొమ్ము, మందుల షేర్లు, మన వాటా

ప్రతి ఏటా కేంద్ర బడ్జెట్ మర్నాడు పత్రికల వాణిజ్య పేజీల్లో ఒక మాట కనపడుతుంది. ఆరోగ్యానికి కేటాయింపులు పెరిగాయి కాబట్టి మందుల కంపెనీల షేర్లు లేస్తాయనో, పెరగలేదు కాబట్టి పడతాయనో రాస్తారు. సర్కారు ఖర్చు ఒకవైపు, షేరు ధర ఇంకోవైపు. మధ్యలో మనుషులు వుండరు. పొద్దున్నే వాడ నుంచి నడిచొచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు వరసలో నిలబడే మనుషులైతే అసలే వుండరు.

ఆ లెక్కని మేం చరిత్రగా చదవాలనుకుంటున్నాం. హైదరాబాదుని దేశానికి బల్క్ డ్రగ్ రాజధాని అంటారు. ఆ రాజధానికి పునాది తీసింది ఎవరి డబ్బు? ఆ డబ్బు ఎప్పుడు, ఎవరి చేతుల్లో షేరుగా మారింది? షేరుకి తెలుగులో సరైన మాట వాటా. దళిత ఉద్యమం దశాబ్దాలుగా అడుగుతున్నదీ వాటానే. ఒకే మాటకి దలాల్ వీధిలో ఒక అర్థం, వాడలో ఇంకో అర్థం ఎట్లా వచ్చిందన్నదే మా ప్రశ్న.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో కొత్త మందులంటే చాలావరకు విదేశీ కంపెనీల మందులే. 1911 నాటి పేటెంటు చట్టం వాళ్లకి కాపలా కాసేది. వాళ్లు తెచ్చి అమ్మితే వాళ్లు చెప్పిన ధరకి కొనాలి, లేకపోతే లేదు. 1959లో మొదలైన అమెరికా సెనేట్ కెఫావర్ ఉపసంఘం విచారణలో, మందుల ధరలు అతి ఎక్కువగా వున్న దేశాల్లో ఇండియా ఒకటని తేలింది. అంత పేద దేశంలో అంత ధర! దీనికి ప్రభుత్వం వెతుక్కున్న దారి సొంత ఫ్యాక్టరీలు పెట్టడం. 1954లో పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వచ్చింది. 1961లో సోవియట్ సహకారంతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే మన ఐడీపీఎల్, పుట్టింది. రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందులు. బాలానగర్ ప్లాంటులో 1960ల చివర్లో ఉత్పత్తి మొదలైంది.

ఇది షేర్ మార్కెట్టు పెట్టిన పెట్టుబడి కాదు. పన్నుల డబ్బు. ఆ రోజుల్లో కేంద్ర ఖజానాకి పెద్ద ఆదాయం ఎక్సైజు సుంకాల నుంచి వచ్చేది. అగ్గిపెట్టె మీద, కిరోసిన్ మీద, పొగాకు మీద, చక్కెర మీద, బట్ట మీద సుంకం. అగ్గిపుల్ల గీసిన ప్రతి కూలి మనిషీ ఐడీపీఎల్‌లో పెట్టుబడి పెట్టినట్టే. కూలోళ్లు ఆదాయపు పన్ను కట్టరు గనక దేశానికి వాళ్లిచ్చేదేమీ లేదని మాట్లాడే పెద్దమనుషులు ఇప్పటికీ వున్నారు. వాళ్లకి ఈ సంగతి గుర్తుచెయ్యాలి.

ఐడీపీఎల్ గురించి రాసేవాళ్లు దాని మందుల గురించీ శాస్త్రవేత్తల గురించీ రాస్తారు. మాకు ముఖ్యమైన సంగతి వేరే వుంది. అది ప్రభుత్వ రంగం గనక అక్కడ రోస్టరు వుంది. 1970ల నాటికి ప్రభుత్వ రంగ సంస్థల నియామకాల్లో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం రిజర్వేషన్ అమలు చెయ్యాల్సి వచ్చింది. ప్రభుత్వ రంగంలో అమలు ఎట్లా జరిగిందో మనకు తెలియంది కాదు. ఊడ్చే కొలువుల్లో కోటా నిండి పొర్లిపోతుంది. అధికారుల కొలువుల దగ్గర మాత్రం 'తగిన అభ్యర్థులు దొరకలేదు' అనే ముద్ర పడుతుంది. అయినా ఒక తలుపు తెరుచుకుంది. అంటరాని చెయ్యి అని పక్కన పెట్టిన చెయ్యి రియాక్టరు వాల్వు మీద పడింది. అదే మందు బిళ్లై అన్ని కులాల నాలుకల మీదకీ పోయింది. నెల తిరిగేసరికి జీతం, వుండటానికి క్వార్టరు, పిల్లలకి బడి. మా తరంలో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన వాళ్లలో ఎంతమంది చదువులు ఏదో ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీ జీతం మీద నిలబడ్డాయో లెక్క తీస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కుటుంబ ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఖర్చులో ఆ జీతాన్ని కూడా కలపాలని మేం అంటాం. ఆరోగ్య బడ్జెట్టులో ఆ పద్దు కనపడదు, అంతే.

రెండో పెట్టుబడి చట్టం. 1970లో చేసి 1972 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి తెచ్చిన పేటెంటు చట్టం మందు పదార్థం మీద హక్కు ఇవ్వలేదు. తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చింది, అదీ ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు. ఇంటి మాటల్లో చెప్పుకోవాలంటే పులుసు ఎవరి సొత్తూ కాదు, నువ్వు కాచిన తీరు మాత్రం కొన్నాళ్లు నీది. ఇంకో తీరులో కాస్తే నిన్ను ఎవరూ ఆపరు. 1975లో హాథీ కమిటీ మందుల రంగంలో ప్రభుత్వ సంస్థలు ముందుండాలని, బ్రాండు పేర్లు క్రమంగా తీసేసి మందుల్ని వాటి అసలు పేర్లతోనే అమ్మాలని సూచించింది. 1979 ధరల నియంత్రణ ఉత్తర్వు 347 బల్క్ డ్రగ్‌లని నియంత్రణ కిందకి తెచ్చింది. ప్రజల డబ్బుతో ఫ్యాక్టరీ, ప్రజల పేరుతో చట్టం, ప్రజల కోసం ధర. కాగితం మీద ఇంతకన్నా బాగా ఏ దేశమూ రాసుకోలేదేమో!

మూడోది జ్ఞానం. ఐడీపీఎల్ ఒక ఫ్యాక్టరీయే కాదు, బడి కూడా. పక్కనే తార్నాకలో ప్రాంతీయ పరిశోధనాలయం, 1989 తర్వాత ఐఐసీటీ, ఇంకో బడి. మందు చెయ్యడం అక్కడ నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ కె. అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా ఐడీపీఎల్‌లో పనిచేశారు. తర్వాత యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ కంపెనీల్లో వుండి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. మొదట్లో చేసింది మిథైల్‌డోపా అనే రక్తపోటు మందు. ఐడీపీఎల్ తనకి నేర్పిన దాన్ని ఆయనెప్పుడూ దాచలేదు. ఆయనకి ప్రతిభ లేదని మేం అనడం లేదు. తాడేపల్లిలో పసుపు రైతు ఇంట్లో పుట్టి అక్కడిదాకా పోవడం చిన్న విషయం కాదు.

కానీ చరిత్ర రాసేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటి వుంది. అదే ప్లాంటులో అదే రియాక్టరు దగ్గర ఏళ్లతరబడి నిలబడ్డ దళిత ఆపరేటరు ఎందుకు బయటికొచ్చి కంపెనీ పెట్టలేదు? చదువు తేడా వుంది, నిజమే. చదువు ఒక్కటే అయితే మా ప్రశ్న అక్కడితో ఆగిపోయేది. కంపెనీ పెట్టాలంటే బ్యాంకుకి చూపించడానికి భూమి కావాలి. మొదటి లక్ష పెట్టడానికి బావమరిదో మామో కావాలి. పారిశ్రామిక వాడలో ప్లాటు ఇప్పించేందుకు తెలిసినాయన ఒకడు కావాలి. ఏడాదిపాటు జీతం లేకపోయినా ఇల్లు గడవాలి. సాగు కులాల నుంచి వచ్చిన చదువరికి ఊళ్లో పొలం, కులంలో పెట్టుబడి, అసెంబ్లీలో చుట్టం వుండే అవకాశముంది. వాడ నుంచి వచ్చినవాడికి జీతమే పొలం, జీతమే చుట్టం. ఆ జీతం వదిలేస్తే వెనక్కి పోవడానికి ఊరి చివర తప్ప చోటు లేదు. కాబట్టి ఐడీపీఎల్‌లో ప్రజల సొమ్ముతో పోగైన జ్ఞానం గేటు దాటి బయటికి వచ్చేటప్పుడు కులం వున్న దారిలోనే వచ్చింది. మన మేధావులు దీన్ని 'వ్యవస్థాపక స్ఫూర్తి' అంటారు. స్ఫూర్తి వుండొచ్చు. దాని కింద పొలం పాస్‌బుక్కు కూడా వుంది.

ఇక షేర్ల కథ. డాక్టర్ రెడ్డీస్ షేరు 1986లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్లింది. అరబిందో 1986లో, దివీస్ 1990లో, హెటిరో 1993లో పుట్టాయి. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం పేర్లు మందుల పేర్లయ్యాయి. ఈ పెరుగుదలకి అసలు ఊపు మాత్రం మన ఢిల్లీ బడ్జెట్లలో లేదు. 1984లో అమెరికా కాంగ్రెసు హాచ్-వాక్స్‌మన్ చట్టం చేసింది. పేటెంటు గడువు తీరిన మందుల నకళ్లకి అనుమతి సులభం చేసింది. పేటెంటుని కోర్టులో మొదట సవాలు చేసిన కంపెనీకి 180 రోజుల ప్రత్యేక అమ్మకపు హక్కు ఇచ్చింది. 2001 ఏప్రిల్ 11న డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చేరింది. అదే ఏడాది ఆగస్టులో ఫ్లుయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గొట్టాలకి ఆ 180 రోజుల హక్కు సంపాదించింది. ఒక భారతీయ కంపెనీకి అట్లాంటి హక్కు రావడం అదే మొదలు. 2003 చివర్లో అమెరికా ప్రభుత్వం తన వృద్ధుల మందుల ఖర్చు భరించేందుకు మెడికేర్ పార్ట్ డి చట్టం తెచ్చింది, 2006 జనవరిలో అమలైంది. అదే 2003లో ఆఫ్రికాలో ఎయిడ్స్ చికిత్స కోసం అయిదేళ్లకి 1500 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. దాని కింద మందులు అందించిన వాటిలో హైదరాబాదు కంపెనీలు వున్నాయి.

అంటే సర్కారు ఆరోగ్య ఖర్చుకీ మందుల షేర్లకీ సంబంధం వుందన్న మాట అబద్ధం కాదు. ఆ సర్కారు మనది కాదు, అంతే తేడా. వాషింగ్టన్‌లో ఖర్చు పెరిగితే సనత్‌నగర్‌లో షేరు లేస్తుంది. వాషింగ్టన్ నుంచి తనిఖీ ఉత్తరం వస్తే పడుతుంది. 2015 నవంబరులో శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ ప్లాంట్ల మీద అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక లేఖ పంపితే డాక్టర్ రెడ్డీస్ షేరు ఒక్కరోజులో పది శాతానికి పైగా పడిపోయింది. అదే జిల్లాల్లో ఏదో ఒక పీహెచ్‌సీలో ఆర్నెల్లు మందు లేకపోతే ఏ షేరూ పావలా కదలదు. షేరు ధరకి మన ఊరి దవాఖాన కనపడదు. ఎందుకంటే అక్కడ కొనేవాడు లేడు.

ఎయిడ్స్ మందుల కథ దీనికి గట్టి సాక్ష్యం. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ మూడు మందుల చికిత్సని ఏడాదికి 350 డాలర్లకి ఇస్తామని ప్రకటించి ప్రపంచాన్ని ఉలిక్కిపడేట్టు చేసింది. అంతకుముందు ఆ చికిత్సకి పది వేల డాలర్ల పైనే అయ్యేది. మందు ఇక్కడే తయారవుతుంది, ధర కూలిపోయింది. కానీ మన సర్కారు ఆస్పత్రుల్లో ఆ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది, అదీ జబ్బు ఎక్కువగా వున్న ఆరు రాష్ట్రాల్లో. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మూడేళ్లు! మందు లేక కాదు, మందు ధర లేక కాదు, కొనాలనే నిర్ణయం లేక. ఆ మూడేళ్లలో పోయినవాళ్లు ఏ వాడల నుంచి, ఏ లారీ అడ్డాల నుంచి, ఏ వలస కుటుంబాల నుంచి పోయారో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు.

ఇటు ఇంట్లో ఏం జరిగిందో చూద్దాం. ఐడీపీఎల్ 1992లో ఖాయిలా కంపెనీల జాబితాకెక్కింది. 1996లో పెద్ద ప్లాంట్లలో ఉత్పత్తి ఆగింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసివేతకి నిర్ణయించింది, భూములు అమ్మి బాకీలు తీర్చాలని. ఐడీపీఎల్ అధికారుల నిర్వాకం గొప్పదని మేం అనం. పాత పద్ధతులు, ఢిల్లీ నుంచి వచ్చే ఫైళ్లు, లంచాలు అన్నీ వున్నాయి. కానీ ప్రైవేటు వాళ్లకి నియంత్రణ సడలిస్తూ, దిగుమతులకి తలుపులు తీస్తూ, ప్రభుత్వ ఫ్యాక్టరీకి కొత్త పెట్టుబడి ఆపేస్తే అది బతకదు. ధరల నియంత్రణ కింద 1979లో 347 మందులుంటే, 1987లో 142 అయ్యాయి, 1995లో డెబ్బై నాలుగుకి దిగాయి. ఫ్యాక్టరీ పోయినప్పుడు మందు ఒక్కటే పోలేదు. రోస్టరు పోయింది. అక్కడ నేర్చిన పనితో కొత్త కంపెనీలు పెరిగాయి గానీ వాటికి రోస్టరు లేదు. రాజ్యాంగం ఐడీపీఎల్ గేటు దాకానే వచ్చింది.

దవాఖాన సంగతి అందరికీ తెలిసిందే. డాక్టరు చూస్తాడు, చీటీ రాస్తాడు. కిటికీ దగ్గర మందులిచ్చే మనిషి చీటీ చూసి తెల్లబిళ్లలు నాలుగు చేతిలో పోసి, మిగతావి 'స్టాకు లేదు, బయట కొనుక్కో' అంటాడు. 'కొనుక్కోండి' అనడు, ఇది కూడా గమనించాలి. మా ఇళ్లలో చీటీని మడిచి రైక దోపుల్లో పెట్టుకుని వచ్చిన అమ్మలు, మూడు రకాల్లో ఏది ముఖ్యమని దుకాణాయన్ని అడిగి ఒక్కటే కొనుక్కున్న సందర్భాలు ఎన్నో. దుకాణాయన చెప్పిన ఆ ఒక్కటే మాకు వైద్యం.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో జరిగిన మొత్తం ఆరోగ్య ఖర్చులో 64.2 శాతం జనం తమ జేబుల నుంచే పెట్టుకున్నారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టింది జాతీయోత్పత్తిలో 1.15 శాతం. 2002 ఆరోగ్య విధానం 2010కల్లా 2 శాతం చేస్తామంది. 2017 విధానం 2025కల్లా 2.5 శాతం అంది. కోవిడ్ ఖర్చు కలిసిన 2021-22లో కూడా వచ్చింది 1.84 శాతమే. జేబు ఖర్చు 39.4 శాతానికి దిగిందని ప్రభుత్వ లెక్క. దిగితే మంచిదే. అయితే జేబు ఖర్చు తగ్గడానికి రెండు కారణాలుంటాయి. సర్కారు ఇస్తే తగ్గుతుంది. జనం మందు మానేసినా తగ్గుతుంది. లెక్కలో రెండూ ఒకే అంకెగా కనపడతాయి.

మార్గం లేదని కాదు. తమిళనాడు 1994లో మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టింది. 1995 నుంచి మందుల్ని అసలు పేర్లతో పెద్ద మొత్తంలో టెండర్ల మీద కొని, పరీక్ష చేయించి, పీహెచ్‌సీల దాకా పంపింది. అది షేర్ మార్కెట్టుకి వార్త కాలేదు. అసలు పేరుతో, టెండరు ధరకి అమ్మిన మందులో పెద్ద లాభం వుండదు గనక.

మన దగ్గర 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. మొదట అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో, తర్వాత రాష్ట్రమంతా. తెల్లకార్డు వున్న కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా. దీన్ని మేం తేలిగ్గా కొట్టిపారెయ్యం. గుండెకి రంధ్రం వున్న మాల మాదిగ పిల్లలు కార్పొరేటు ఆస్పత్రి ఆపరేషన్ బల్ల మీద పడుకోగలిగారు, బతికారు. ఆ తల్లుల దగ్గరికిపోయి అది ప్రైవేటీకరణ అని ఉపన్యాసం చెప్పే ధైర్యం మాకు లేదు. కానీ ఆ పథకం ఆస్పత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకి. మన ఇళ్లని అప్పుల్లోకి దింపేది ఎక్కువగా మందుల చీటీయే. షుగరు, బీపీ, ఆయాసం, నొప్పులు. జేబు నుంచి పోయే ఆరోగ్య ఖర్చులో సగానికి పైగా మందులకే. కాలు తీసెయ్యాల్సి వచ్చినప్పుడు సర్కారు డబ్బు వస్తుంది. ఆ కాలు నిలబెట్టే నెల మందుకి కిటికీ దగ్గర స్టాకు వుండదు. కోసేదానికి ఒక పరిశ్రమ వుంది, దానికి ప్యాకేజీ రేటు వుంది. కొయ్యకుండా కాపాడేదానికి అంత లాభసాటి యజమాని ఎవరూ లేరు.

సర్కారు ఆరోగ్య వ్యవస్థ కంపెనీలకి ఇంకో రకంగా కూడా పనికొచ్చింది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సరు టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, మన వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. పిల్లల్లో చాలామంది ఆదివాసీ, దళిత హాస్టళ్ల వాళ్లు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మా వాదన కాదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం, ఈ టీకాని సర్కారు టీకాల కార్యక్రమంలో చేర్పించుకుని శాశ్వత మార్కెట్టు సంపాదించే ఉద్దేశం దీని వెనక వుందని తప్పుబట్టింది. మన హాస్టలు, మన పిల్ల భుజం, వార్డెన్ సంతకం. సర్కారు ఖర్చుకి దారి అక్కడి నుంచి వేశారన్నమాట.

నీళ్ల సంగతీ అంతే. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ చూపించారు. పీహెచ్‌సీ కిటికీ దగ్గర దొరకని యాంటీబయాటిక్ వాగులో మాత్రం దొరికింది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు నిఫ్టీ ఫార్మా సూచీ ఆ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పెరిగింది. 2021 జనవరి 16న హైదరాబాదు గాంధీ ఆస్పత్రిలో మొదటి టీకా వేసింది ఒక పారిశుధ్య కార్మికురాలికి. పత్రికలన్నీ ఫొటో వేశాయి. ఆస్పత్రుల్లో ఊడ్చే పని ఎప్పుడో కాంట్రాక్టుకి పోయిందని, రోస్టరు నిండి పొర్లిన ఆ ఒక్క చోటు కూడా ఇప్పుడు మిగల్లేదని ఆ ఫొటో కింద రాయలేదు.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ప్లాంటు పేలింది. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి చేసే ఫ్యాక్టరీ అది, షేర్ మార్కెట్టులో వున్న కంపెనీ. నలభై మందికి పైగా పోయారు. చాలామంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఆ రోజే కంపెనీ షేరు పది శాతానికి పైగా పడింది. ఆ అంకె సాయంత్రానికల్లా అందరికీ తెలిసింది. ఎవరు బతికారో, ఎవరు పోయారో తేలడానికి రోజులు పట్టింది. ఎముకలుగా, ముక్కలుగా మిగిలిన శరీరాల్ని గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. నెత్తురిచ్చి కబురు కోసం బంధువులు ఎదురుచూసింది పటాన్‌చెరు సర్కారు ఆస్పత్రి దగ్గర.